మొదటి ఆదివారం బల్ల దగ్గర

ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా మన నెల్లూరు మెట్ట ఊళ్ళలో చాలా మందిరాల్లో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. తెల్లగుడ్డ కప్పిన బల్ల మీద రొట్టె, ద్రాక్షారసం సిద్ధంగా పెడతారు. వాక్యం అయిపోయి పాస్టరు గారు ఆ గుడ్డ తీయబోయే ముందు వెనక వరసల్లోంచి కొందరు మెల్లగా లేస్తారు. చంటిబిడ్డ ఏడుస్తోందనో, బర్రెలు కట్టేసి వచ్చామనో చెప్పి బయటికి నడుస్తారు. లేవడానికి మొహమాటపడేవాళ్ళు అక్కడే కూర్చుని, పళ్ళెం తమ దాకా రాగానే తల దించుకుని పక్కవాళ్ళ చేతికి అందించేస్తారు. వీళ్ళు విశ్వాసం లేనివాళ్ళేం కారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు, పాటలు పుస్తకం చూడకుండా పాడగలిగినవాళ్ళు. యేసు మీ పాపాల కోసం చనిపోయాడా అని అడిగితే తడుముకోకుండా అవునంటారు. మరి బల్ల ఎందుకు తీసుకోలేదంటే మాత్రం, "నాకు ఆ యోగ్యత లేదండీ" అంటారు. అలా ఏడాది గడుస్తుంది. కొందరి విషయంలో పదేళ్ళు గడిచిపోతాయి.

ఈ పూట నేను మాట్లాడాలనుకున్నది వాళ్ళతో. వాళ్ళు అలా లేచి వెళుతుంటే చూస్తూ ఊరుకునే మనతో కూడా.

ఆ భయం ఎక్కడి నుంచి పుట్టిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. బల్ల ముందు చదివేది కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయం. అయోగ్యంగా తిన్నవాడు శిక్ష తెచ్చుకుంటాడని అందులో గట్టి హెచ్చరిక ఉంది. నెలనెలా అది చెవిన పడీ పడీ, తప్పు చేసినవాడు ముట్టకూడని భోజనం ఇదని చాలామంది మనసులో ముద్రపడిపోయింది. అయితే ఆ అధ్యాయంలో ఒక పది వచనాలు వెనక్కి వెళ్ళి చదవండి. కొరింథులో కలిగినవాళ్ళు తమ భోజనం తాము ముందే కానిచ్చి, తాగి మత్తెక్కి కూర్చునేవారు. లేనివాళ్ళు ఆకలితో సిగ్గుపడుతూ చూస్తుండేవారు. పౌలు కోపమంతా ఆ కలిగినవాళ్ళ మీద. బీదవాణ్ణి చిన్నబుచ్చి తినే తీరునే ఆయన అయోగ్యం అన్నాడు. గుండె పగిలి వచ్చిన మనిషిని ఆయన తరమలేదు. తనను తాను పరీక్షించుకుని తినమనే చెప్పాడు. పరీక్షించుకున్నాక లేచి ఇంటికి పొమ్మని ఆ పత్రికలో ఎక్కడా లేదు. మన ప్రాంతంలో ఆ హెచ్చరిక విని వణకాల్సినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఒకే ప్రభువును కొలుస్తూ సాటి విశ్వాసి కులం అడిగి తెలుసుకుని మరీ పక్కన కూర్చునేవాళ్ళు వణకాలి. వాళ్ళు ఏ భయమూ లేకుండా చెయ్యి చాస్తున్నారు. వణకక్కర్లేనివాళ్ళు వణికిపోతున్నారు.

మన పెద్దల కాలంలో కులపంచాయితీలు ఉండేవి. మీలో వయసు మళ్ళినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఎవరైనా కట్టుబాటు మీరితే చెట్టు కింద పెద్దలు కూర్చుని తప్పు వేసేవారు. అది కట్టేదాకా ఆ ఇంటికి నిప్పూ నీళ్ళూ ఇచ్చేవాళ్ళు కాదు, పెళ్ళికీ చావుకీ పిలుపు ఉండేది కాదు. తప్పు కట్టిన రోజున మాత్రం అందరూ అతనితో ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేసేవారు. ఆ ముద్ద నోట పెట్టుకున్నాక విషయం అంతటితో సరి. ఆ పంచాయితీల్లో జరిగిన అన్యాయాలు, ముఖ్యంగా ఆడవాళ్ళకు జరిగినవి, తక్కువేమీ కావు. వాటిని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ శిక్షకు ఒక ముగింపు ఉండాలనీ, ఆ ముగింపు పదిమందికీ కనబడాలనీ చదువు రాని ఆ పెద్దలకు తెలుసు. ప్రభువు బల్లను నేను ఆ పంక్తి భోజనంగానే చూస్తాను. ఇక్కడ తప్పు కట్టింది ఆయన. కట్టేసిన తరవాత వేసిన పంక్తి ఇది. దీంట్లోంచి లేచిపోయే మనిషి వినయంతోనే లేస్తాడు, నాకు తెలుసు. కానీ బాకీ ఇంకా తీరలేదని, ఆయన కట్టింది చాలలేదని ఆ లేవడమే చెబుతుంది. ఆ మాట మీరు నోటితో ఎన్నడూ అనరు కదా.

ఈ క్షమాపణ సందేశం మన నేల మీదికి వచ్చిన తీరును కూడా ఒకసారి తలుచుకోవాలి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఉదయగిరిలో మిషన్ కేంద్రం 1885లో వచ్చింది, ఆత్మకూరులో 1893లో. ఆ నడిమి కాలంలోనే మన పక్క తాలూకాల్లో ఒక పెద్ద కదలిక వచ్చింది. కనిగిరి వైపు ఎర్రగుంట్ల పేరయ్య అని తోళ్ళ వ్యాపారి ఉండేవాడు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి మన నెల్లూరు జిల్లాలోనిదే. పేరయ్య మాదిగ. మనశ్శాంతి కోసం గురువులను వెతుక్కుంటూ తిరిగి, ఒక యోగిని దగ్గర యోగం కూడా నేర్చుకున్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని, తన వాళ్ళ మధ్య ఊరూరా తిరిగి బోధించాడు. తరవాత 1876లో ధాత కరువు మొదలైంది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. గింజల కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని కరువు కాలమంతా, పదిహేను నెలల పాటు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తగ్గాక ఇక ఆపలేకపోయాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి రేవులో ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి, ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఆ అంకె చాలామంది చెబుతారు. నాకు ఆ అంకె కన్నా నీళ్ళలో దిగిన ఆ మనుషుల మనసు ముఖ్యం. అప్పటిదాకా వాళ్ళు విన్నది ఏమిటి? మీ పుట్టుకే పూర్వజన్మ పాపఫలం, అందుకే ఊరి బయట ఉన్నారు, అందుకే ఊరి బావి ముట్టకూడదు అని. తాము చేయని నేరానికి తరతరాల శిక్ష. వాళ్ళు తాగారో, కొట్టారో, అబద్ధమాడారో, ఆ పాపాలు వాళ్ళకు ఉండనే ఉన్నాయి, అందరికీ ఉన్నట్టే. వాటితో పాటు ఊరు వాళ్ళ నెత్తిన పెట్టిన పాపం ఇంకొకటి ఉంది. గుండ్లకమ్మ నీళ్ళలో మునిగి లేచినప్పుడు ఆ రెండూ దిగిపోయాయని వాళ్ళు నమ్మారు. రెండోది దిగిపోయిందని ఊరు ఒప్పుకోవడానికి ఇంకా ఎన్నో దశాబ్దాలు పట్టింది. కొన్ని చోట్ల ఇప్పటికీ ఒప్పుకోలేదు. అలాంటి మనుషుల మునిమనవలు ఈనాడు బల్ల ముందు నుంచి తల వంచుకుని వెళ్ళిపోతుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

చేసిన తప్పు సంగతి సూటిగా మాట్లాడుకుందాం. చీటీ డబ్బు వాడేసుకున్నవాళ్ళు, రాత్రికి రాత్రి గట్టు జరిపినవాళ్ళు, కోర్టులో అబద్ధపు సాక్ష్యం చెప్పి ఒక కుటుంబాన్ని రోడ్డు మీద పడేసినవాళ్ళు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్ళకు నేను చెప్పేది సుంకరి జక్కయ్య కథే. యేసు అతని ఇంట ఉండడానికి వస్తానన్నాడు. ముందు డబ్బు తిరిగి ఇచ్చి రా, ఆ తరవాత వస్తానని అనలేదు. ఆయన ఇంట అడుగు పెట్టాక జక్కయ్యే లేచి, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వాళ్ళకు నాలుగంతలు ఇస్తానన్నాడు. ఈ వరస మారకూడదు. క్షమాపణ దొరికిన చెయ్యి వదులు అవుతుంది, తిరిగి ఇవ్వగలుగుతుంది. కాబట్టి గట్టు జరిపి ఉంటే మళ్ళీ పాత చోటికి జరపండి. చీటీ డబ్బు ఒక్కసారే కట్టలేకపోతే నెలకింతని మాట ఇచ్చి కట్టండి. దేవుడు క్షమించాడు కదా అని ఆ అప్పు ఎగ్గొట్టడం కుదరదు. అలాగే, ఇచ్చేసిన తరవాత కూడా మిమ్మల్ని మీరు పొడుచుకుంటూ కూర్చోనక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది. మన సంఘాల్లో తాగి భార్యను కొట్టినవాడు ఆదివారం నాడు ముందుకొచ్చి ఏడిస్తే, సాయంత్రానికల్లా పెద్దలు ఆమె పుట్టింటికి బయలుదేరతారు. ప్రభువే క్షమించాడు, నువ్వు క్షమించవా అని ఆమెను ఒప్పించి మళ్ళీ అదే ఇంటికి పంపుతారు. అది తప్పు. దేవుడి క్షమాపణ అతనికి దొరకడం వేరు, ఆమెకు ప్రాణభయం పోవడం వేరు. ఆమె క్షమించడానికి ఏళ్ళు పట్టవచ్చు. క్షమించినా ఆ ఇంటికి తిరిగి రాకపోవచ్చు. ఆమె మీద ఒత్తిడి పెట్టే హక్కు అతనికీ లేదు, పెద్దలకూ లేదు. అతను నిజంగా మారితే, ఆమె దూరంగా ఉన్నా మారినవాడిగానే బతుకుతాడు.

మన మెట్టలో ఎంతోమంది మోసే అపరాధ భావం ఇంకో రకం. వాళ్ళు చేసిన తప్పంటూ ఏమీ ఉండదు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన కూతురు తల్లి ఆఖరి చూపుకు రాలేకపోయింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటే ఆమె ఏం చేయగలదు? 2021 ఎండాకాలంలో కరోనా జ్వరం ఇంటికి మోసుకొచ్చింది తనేనని, తండ్రిని తనే చంపుకున్నానని లోలోపల కుమిలే కొడుకులు ఉన్నారు. నెల్లూరు తీసుకుపోయేటప్పటికి ఆలస్యమైంది, ఆ రోజు ఉదయమే బయలుదేరి ఉంటే బిడ్డ బతికేదని ప్రతి పండక్కీ అదే లెక్క వేసుకునే తల్లులు ఉన్నారు. వీళ్ళందరూ క్షమించమని దేవుణ్ణి అడుగుతుంటారు. అడిగి అడిగి ఫలితం లేదనుకుంటారు. క్షమించడానికి అక్కడ నేరం లేదు, దుఃఖం ఉంది. దుఃఖానికి కావలసింది ఓదార్పు. వాళ్ళ పక్కన కూర్చుని చనిపోయినవాళ్ళ గురించి మాట్లాడే మనుషులు కావాలి.

దీన్ని మరింత చెడగొట్టే బోధ ఒకటుంది. బిడ్డకు జబ్బు చేస్తే ఇంట్లో ఎవరిదో పాపం దాగి ఉందనే బోధ. పుట్టుగుడ్డి మనిషిని చూపించి పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదన్నాడు. అంత స్పష్టంగా చెప్పినా మనం వినలేదు. ఉదయగిరి, వరికుంటపాడు పరిసరాల్లో వంగిన నడుములు, దొడ్డికాళ్ళు, పసుపు పట్టిన పళ్ళు మనకు కొత్త కాదు. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన తోటివారు మన నెల్లూరు జిల్లా ప్రజల్లోనే ఈ జబ్బును పరిశీలించి, బావినీళ్ళలోని ఫ్లోరైడ్ దీనికి కారణమని లోకానికి తెలిపారు. దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదట బయటపడింది మన దగ్గరే. నా పాపమే నా బిడ్డ ఎముకల్లోకి దిగిందని ఏడ్చే తల్లికి ఆ పరిశోధన కూడా ఒక సువార్తే అంటాను నేను. ఆమెను పశ్చాత్తాపపడమని ప్రార్థనకు కూర్చోబెట్టడం కన్నా ఊరికి మంచినీళ్ళు తెప్పించడానికి సంతకాలు సేకరించడం మెరుగు.

నేరాన్ని పుట్టుకకు అంటగట్టడంలో ప్రభుత్వమూ తక్కువ తినలేదు. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తింపజేసిన నేరస్థ జాతుల చట్టం ఎరుకల కులాన్ని పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టింది. కావలిలో వాళ్ళ కోసం ఏర్పాటు చేసిన సెటిల్‌మెంటును నడిపింది మన బాప్టిస్టు మిషనే. శామ్యూల్ బాడెన్ అనే మిషనరీ దాని బాధ్యత చూశాడు. వాళ్ళకు చదువు చెప్పారు, పనులు నేర్పారు, అది కాదనను. కానీ పాపక్షమాపణ ప్రకటించే నోటితోనే హాజరు పిలిచి, అనుమతి లేనిదే ఊరు దాటకుండా కాపలా కాశారు. మనవాళ్ళ చరిత్రలో ఇది కూడా ఉంది, దీన్ని దాచకూడదు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఎరుకల పిల్లవాడు మందిరానికి వస్తే ఇంకా చెప్పుల దగ్గర ఒక కన్ను వేసి ఉంచేవాళ్ళు, ఆ చట్టాన్ని తమ గుండెల్లో రద్దు చేసుకోలేదన్నమాట.

ఇంకొందరి బాధ వేరు. వాళ్ళు ఒప్పుకున్న పాపాన్నే మళ్ళీ ఒప్పుకుంటారు. ఇరవై ఒక్క రోజుల ఉపవాసం, ఆ పైన నలభై రోజులది, ఊరు మారి ఇంకో పాస్టరు గారి దగ్గర మళ్ళీ ప్రార్థన. మార్టిన్ లూథర్ యువ సన్యాసిగా ఉన్నప్పుడు అచ్చం ఇలాగే ఉండేవాడు. గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, గది దాటకముందే ఇంకొకటి మరిచిపోయానని వెనక్కి వచ్చేవాడు. అతని పెద్ద స్టాపిట్స్ విసిగినా వదిలెయ్యలేదు. నీ లోపలికి చూసుకోవడం ఆపి క్రీస్తు గాయాల వైపు చూడమని ఓర్పుగా దారి మళ్ళించాడు. లూథర్‌కు ఆఖరుకు ఊరట దొరికింది వాక్యం చదవడంలో. అందరికీ అలా దొరకకపోవచ్చు. నిద్ర పట్టక, తిండి సహించక, చచ్చిపోతే బాగుండునని అనిపిస్తుంటే అది ఆత్మీయ లోపమని సిగ్గుపడకండి. మనసుకు కూడా జబ్బు చేస్తుంది, దానికి మందు ఉంది. నెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్ళి మానసిక వైద్యులను కలవండి. కదలలేకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ఆ ప్రభుత్వ సేవ రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మందు వేసుకోవడం ప్రార్థనకు అడ్డం కాదు.

ఇక సంఘపెద్దలకు ఒక మాట. యూదా కథను మనం ద్రోహం దగ్గరే ఆపేస్తాం. మత్తయి సువార్తలో ఆ తరవాత ఏం జరిగిందో చదివి చూడండి. అతను పశ్చాత్తాపపడ్డాడు. ముప్పై వెండి నాణేలు తిరిగి తెచ్చాడు. నిరపరాధిని అప్పగించి పాపం చేశానని తన నోటితో ఒప్పుకున్నాడు. మనం ఎవరి దగ్గరైనా అడిగేవి ఇవే కదా. కానీ అతను వెళ్ళింది ప్రధానయాజకుల దగ్గరికి. అది మాకేం సంబంధం, నీ సంగతి నువ్వే చూసుకో అన్నట్టు వాళ్ళు తేల్చేశారు. అతను నేరుగా వెళ్ళి ఉరి వేసుకున్నాడు. వినే వృత్తిలో ఉన్నవాళ్ళు వినలేదు. ఆ యాజకుల ముఖంలో నాకు అప్పుడప్పుడు మన ముఖాలే కనిపిస్తాయి.

ఒప్పుకోలు వినడంలో కతోలికుల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. పాపసంకీర్తనంలో విన్నది గురువు ఎవరికీ చెప్పకూడదు, ప్రాణం మీదికి వచ్చినా సరే. మన వైపు ఏమవుతోంది? బుధవారం గృహకూడికలో ఒకామె కన్నీళ్ళతో తన సంగతి చెప్పుకుంటే, శుక్రవారానికి అది ప్రార్థన అంశం పేరుతో నాలుగు ఊళ్ళు దాటుతోంది. ఇది చూసినవాళ్ళు ఎందుకు నోరు తెరుస్తారు? మోసుకునే తిరుగుతారు. సంఘపెద్దగా మీ దగ్గరికి ఎవరైనా వచ్చి చెప్పుకుంటే, మీ ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకండి. విన్న తరవాత ఒక పని తప్పకుండా చేయండి. నీ పాపం క్షమించబడిందని, యేసు పేరట, అతని పేరు పెట్టి పిలిచి, నోరు తెరిచి చెప్పండి. ఈ మాట తనకు తాను చెప్పుకుంటే మనిషికి నమ్మకం కలగదు. ఇంకొకరి గొంతులోంచి వినాలి. దమస్కులో గుడ్డివాడై పడి ఉన్న సౌలు కూడా, తాను బంధించాలని వచ్చిన మనుషుల్లో ఒకడైన అననీయ నోట సహోదరుడా అన్న పిలుపు విన్నాకే లేచాడు.

పేతురుకు జరిగిందీ చూడండి. చలిమంట దగ్గర మూడుసార్లు యేసు ఎవరో తెలియదన్నాడు. పునరుత్థానం తరవాత గలిలయ సముద్రం ఒడ్డున యేసు మళ్ళీ బొగ్గుల మంట వేసి, చేపలు కాల్చి, ముందు కడుపు నింపాడు. తిన్నాకే మాట్లాడాడు. నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ తన గొర్రెలను అప్పగించాడు. ఆ రాత్రి ఎందుకలా అన్నావని ఒక్కసారి కూడా నిలదీయలేదు. కొన్నాళ్ళు వెనక వరసలో కూర్చో, తరవాత చూద్దామని కూడా అనలేదు. ఆ పొద్దుటే పని చేతికిచ్చాడు.

మన దగ్గర పడిపోయి లేచినవాళ్ళను ఆరాధనకు రానిస్తాం కానీ పని దగ్గరికి రానివ్వం. డబ్బు విషయంలో పడినవాడికి వెంటనే కానుకల లెక్క అప్పగించమని నేననడం లేదు, అది అతనికే మంచిది కాదు. కానీ తెల్లారి మందిరం తలుపులు తీయడానికి, చాపలు పరవడానికి, పిల్లలకు పాటలు నేర్పడానికి, మంచం పట్టిన ముసలమ్మ ఇంటికి రొట్టె, రసం తీసుకువెళ్ళే పాస్టరు గారికి తోడు వెళ్ళడానికి మనుషులు కావాలి కదా. మీ సంఘంలో చాలాకాలంగా తల ఎత్తకుండా వచ్చి వెళుతున్న ఒక మనిషి ఇప్పటికే మీకు గుర్తొచ్చి ఉంటారు. ఈ వారంలోనే వాళ్ళ ఇంటికి వెళ్ళండి, ఏ పని అప్పగిస్తారో అనుకుని మరీ వెళ్ళండి.